గిజిగాని గూడు, గబ్బిలపు చూరు: జాషువ కవిత్వంలో ఇంటి భావన

గుఱ్ఱం జాషువ (1895–1971) రచించిన ‘గిజిగాడు’ ఖండిక చాలామంది తెలుగు పాఠకులకు బడిలోనే పరిచయమవుతుంది. పరిచయమైన తీరునే అది మనసులో నిలిచిపోతుంది కూడా. చిన్న పక్షి, గొప్ప నేర్పు, మానవుడు దాని ముందు తల వంచాలి అన్న పాఠంగా దానిని ఉపాధ్యాయులు చెబుతారు, విద్యార్థులు రాస్తారు. విమర్శ కూడా ఈ పరిధిని పెద్దగా దాటలేదు. జాషువ ప్రకృతి ప్రేమకు, సూక్ష్మ పరిశీలనకు, పద్యశిల్పానికి ఈ ఖండికను ఉదాహరణగా చూపి, ఆ వెంటనే ‘గబ్బిలం’ వైపు నడవడం ఆనవాయితీ. ఒకటి ప్రకృతి కవిత్వం, మరొకటి సామాజిక కావ్యం అన్న విభజన అలా స్థిరపడింది. ఈ విభజన నిలవదు. రెండింటిలోనూ జాషువ చూస్తున్నది ఇంటిని. మొదటిది ఎవరి అనుమతీ లేకుండా కట్టుకొన్న ఇల్లు, రెండవది అనుమతి దొరకని ఇల్లు. ఒకదాని పక్కన మరొకటి పెట్టి చదివితే తప్ప గిజిగాని గూటిలో ఏమి ఉన్నదో, ఏమి లేదో తెలియదు.

ముందుగా చూపు సంగతి. జాషువ పుట్టిన వినుకొండ, దాని చుట్టూ ఉన్న పల్నాటి మెట్టనేల, పక్షిని చూడడం తెలియని ప్రదేశం కాదు. అయితే ఆ చూపు ప్రధానంగా కాపలాదారు చూపు. జొన్నచేను కంకి వేసే కాలంలో మంచె మీద నిలబడి, వడిసెలలో రాయి పెట్టుకొని, గుంపుగా వాలే పక్షులను తోలడం రైతు కుటుంబాలలో పిల్లలకు కూడా అప్పగించే పని. గిజిగాడు గింజలు తినే పక్షి, గుంపుగా తిరిగే పక్షి. కనుక అది చేనికి శత్రువే. ఇంటికి సంబంధించిన చూపు వేరు. పిచ్చుక చూరులోనో, దూలం సందులోనో, గోడకు వేలాడే పటం వెనుకనో గూడు పెడుతుంది. దాని కోసం వసారాలో, గుడి మంటపంలో వరికంకుల కుచ్చులు కట్టే ఆచారం తెలుగునాట ఉన్నది. పిచ్చుక ఇంటి మనిషి వంటిది, గిజిగాడు పొలిమేర మనిషి వంటిది. అది ఊరికి దగ్గరగానే ఉంటుంది కానీ చూరులోకి రాదు. నూతి మీదికి వంగిన ఈతచెట్టుకో, ముళ్ళతుమ్మ కొమ్మకో తన ఇల్లు తాను వేలాడదీస్తుంది. నూటికి నూరుపాళ్ళు కనిపిస్తుంది, చేతికి మాత్రం అందదు. మనుషుల దగ్గరే ఉంటూ మనుషుల ఇంటితో పని లేని ఈ పక్షిని కవి ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు.

ఖండికలో జాషువ వడిసెలను దించాడు. పక్షిని నేరుగా ‘నీవు’ అని పలకరించాడు. తేలికైన గడ్డిపోచలను తెచ్చి ఊయల వంటి ఇంటిని అల్లడం మనుషులలో ఎవరికీ సాధ్యం కాదన్నాడు. ఆ ఇంటి లోపల పడకలు, అంతఃపురాలు ఊహించాడు. వర్ణనలో మూడు విషయాలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది సామగ్రి. గడ్డిపోచ కంటే విలువ తక్కువ వస్తువు తెలుగు వ్యవహారంలోనే లేదు, దేనినైనా తీసిపారవేయాలంటే ‘గడ్డిపోచ’ అంటాము. ఆ పోచతోనే ఇల్లు లేస్తుంది. రెండవది చలనం. మనిషి ఇంటికి పునాది గౌరవం, ఈ ఇంటికి ఊగడమే గౌరవం. మూడవది నగరు మాటలు. గడ్డి గూటికి రాజగృహపు పదజాలం తొడగడం కేవలం అతిశయోక్తి కాదు. నిరుపేద సామగ్రికీ రాచనగరుకూ మధ్య ఉండవలసిన మెట్లన్నీ ఒక్క పద్యంలో తీసివేయడం అది. ‘సాలీడు’ ఖండికలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. అక్కడ నూలు కూడా బయటినుంచి తెచ్చుకోనక్కరలేదు, ఒంటిలోనే పుడుతుంది. వృత్తిపనివాని చేతినేర్పు మీద జాషువకు ఉన్న గౌరవం ఈ రెండు చిన్న ప్రాణుల విషయంలో దాచినా దాగలేదు.

జాషువకు ముందు భారతీయ కథాసంప్రదాయం పక్షిగూటిని మరొక విధంగా వాడుకొన్నది. హితోపదేశం విగ్రహభాగంలో నర్మదాతీరాన బూరుగుచెట్టు మీద గూళ్ళు కట్టుకొన్న పక్షులు, వానలో తడిసి వణుకుతున్న కోతులను చూస్తాయి. ముక్కుతో గడ్డి తెచ్చుకొని మేము ఇళ్ళు కట్టుకొన్నామే, కాళ్ళూ చేతులూ ఉన్న మీకు ఏమి వచ్చిందని అడుగుతాయి. కోతులకు కోపం వస్తుంది. వాన వెలిశాక చెట్టెక్కి గూళ్ళన్నీ పీకి, గుడ్లు పారవేస్తాయి. మూర్ఖునికి హితవు చెప్పరాదన్నది అక్కడి నీతి. ఈ కథలో చెప్పుకోదగిన విశేషం ఒకటున్నది. గూడు కోల్పోయినవారి పట్ల కథకునికి జాలి లేదు, వారు నోరు జారిన తప్పుకు ఫలితం అనుభవించారు అంతే. గూడు ఉపదేశానికి పనికివచ్చే వస్తువు, గుడ్లు ఆ ఉపదేశానికి చెల్లించిన మూల్యం. జాషువ ఈ కథలోని పోలికను మాత్రం నిలుపుకొన్నాడు. చేతులు ఉన్నవాడు చేయలేని పనిని ముక్కు మాత్రమే ఉన్నది చేసింది. కానీ ఆ మాటను పక్షి నోట పెట్టలేదు, తానే అన్నాడు. పక్షికి గర్వం అంటగట్టకుండా మనిషికి సిగ్గు తెప్పించే మార్గం అది. కోతిని కూడా తొలగించాడు. కూల్చేవాడు లేని గూడు తెలుగు కవిత్వంలో అరుదుగా దొరుకుతుంది.

ఇక్కడ పక్షిశాస్త్రం ఒక చిక్కు తెస్తుంది, దానిని దాటవేయడం సరికాదు. 1930లో సలీం అలీ జర్మనీలో శిక్షణ పొంది తిరిగి వచ్చేసరికి బొంబాయి మ్యూజియంలో ఆయన చేస్తున్న ఉద్యోగం నిధుల కొరతతో రద్దయింది. పని లేని ఆ రోజులలో అలీబాగ్ దగ్గరి కిహిం అనే సముద్రతీర గ్రామంలో నివసిస్తూ, ఇంటికి సమీపంలో గిజిగాళ్ళు కట్టుకొంటున్న గూళ్ళ గుంపును వర్షకాలమంతా మాటున కూర్చొని చూశాడు. ఆ పరిశీలనతో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం పత్రికలో వ్యాసం రాశాడు. వాటి సంసార సంబంధాలకు కొత్త వ్యాఖ్యానం అన్న మాట ఆ వ్యాసం పేరులోనే ఉన్నది. ఆయన చూసినది ఇది. గూడు మొదలుపెట్టేది మగపక్షి. వరి ఆకునుంచో, ముతక గడ్డినుంచో సన్నని పోగు చీల్చి తెచ్చి, కొమ్మకు ముడివేసి, అడ్డంగా ఒక గడ్డిపట్టీ ఉన్న తలపాగ వంటి అర్ధగూడు వరకు అల్లి ఆగుతుంది. గూడు పూర్తి కావడానికి దాదాపు 18 రోజులు పడితే, అందులో ఈ అర్ధగూటికి 8 రోజుల వరకు పడుతుంది. మొత్తం మీద ఒక గూటికి 500 వరకు రాకపోకలు ఉంటాయి. అర్ధగూడు లేచిన తరువాత ఆడపక్షులు వస్తాయి, లోపలికి దూరి చూస్తాయి. నచ్చితే ఒకటి ఉండిపోతుంది. అప్పుడే మగపక్షి గుడ్ల అరను మూసి, కింది గొట్టాన్ని పొడిగిస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే వేలాడుతుంది. ఆడపక్షి గుడ్లు పొదగడంలో పడగానే మగపక్షి మరొక గూడు మొదలుపెట్టి మరొక జతను పిలుస్తుంది. రెండు నుంచి నాలుగు వరకు ఉండే గుడ్లను రెండు వారాల పైచిలుకు పొదిగేది తల్లి ఒక్కతే. రెక్కలు వచ్చేవరకు, అంటే మరో రెండున్నర వారాలు, పిల్లలను మేపే భారంలోనూ అధికభాగం ఆమెదే.

ఈ వివరాల ముందు జాషువ గిజిగాడు ఆదర్శ గృహస్థుడుగా నిలబడడు. పూర్తయిన ఇల్లు, అంతఃపురం, పడకలు ఖండికలో ఉన్నాయి. తిరస్కృతమైన ఇల్లు అందులో లేదు. ఈతచెట్టుకు వేలాడే గూళ్ళలో సగానికి సగం అసంపూర్ణంగా ఉండడం నేలమీద నిలబడి చూసినవారికి కూడా కనిపించే సంగతే. శాస్త్రం తెలియకపోవడం కవికి దోషం కాదు కానీ, కంటికి ఎదురుగా ఉన్న అర్ధగూడు పద్యంలోకి రాకపోవడం గురించి విమర్శ అడగవలసి ఉన్నది. మిణుగురును బంకమట్టితో అంటించి గిజిగాడు గూటికి దీపం పెట్టుకొంటుందన్న జనశ్రుతి కూడా అర్ధగూటి నుంచే పుట్టింది. ఆ దశలో పక్షి నిజంగానే లోపల మట్టిముద్దలు అంటిస్తుంది, మిణుగురును మాత్రం జనం చేర్చారు. జనం మట్టిని చూసి దీపాన్ని ఊహించారు. కవి ఆ సగం ఇంటిని చూడదలచుకోలేదు.

దీనికి సంప్రదాయ సమాధానం, కవి సత్యం వేరు శాస్త్ర సత్యం వేరు అన్నది. అది సోమరి సమాధానం. మన కవిత్వంలోనే అందుకు ప్రతివాదం ఉన్నది. నన్నయ ఆదిపర్వంలోని మందపాలోపాఖ్యానంలో, సంతానం లేనివానికి పుణ్యలోకఫలం దక్కదని తెలిసిన ముని శార్ఙ్గకపక్షిగా మారి జరిత అనే ఆడపక్షి వలన నలుగురు కొడుకులను కంటాడు. పిల్లలు గూటిలో ఉండగానే లపిత అనే మరొక పక్షితో వెళ్ళిపోతాడు. ఖాండవవనం అంటుకొంటుంది. ఎగరలేని పిల్లలతో జరిత ఒక్కతే మిగులుతుంది. ఎలుకబొరియలోకి పొమ్మంటుంది తల్లి. ఎలుక తింటే చావు నీచం, అగ్నిలో చావు మేలు, నీవు బ్రతికితే మళ్ళీ బిడ్డలు కలుగుతారు, ఎగిరిపో అంటాయి పిల్లలు. తండ్రి తిరిగి వచ్చినప్పుడు జరిత అతనిని ఆదరించదు. వదలిపోయే మగపక్షి, ఒంటరి తల్లి, గూటిలోని పిల్లల భయం అన్నీ ఈ కథలో ఉన్నాయి. ఏ జాతి పక్షిని చూసి ఈ కథ పుట్టిందో గాని, చూసినవారెవరో పిల్లలను పెంచే తల్లిపక్షి కష్టాన్ని దగ్గరగానే చూశారు. కాబట్టి కావ్యం పక్షుల సంసారంలోని చేదును మోయలేదని అనడానికి వీలులేదు. జాషువ దానిని కావాలనే పక్కన పెట్టాడు.

ఎందుకు పక్కన పెట్టాడన్న ప్రశ్నకు సమాధానం వినుకొండలో వెదకాలి. వీరయ్య, లింగమ్మల కులాంతర వివాహం వలన ఆ కుటుంబానికి ఊరిలో ఎక్కడా సుఖమైన చోటు లేకపోయింది. బడిలో అవమానం. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు, ఈ కులంవానిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారని జీవితచరిత్రలు చెబుతాయి. పద్యం ఎలా ఉన్నదని అక్కడ ఎవరూ అడగలేదు, చదివినవాడు ఎక్కడివాడని అడిగారు. ఈ అనుభవం గలవాడు గిజిగాని గూటిని పరీక్షించే ఆడపక్షిని పద్యంలోకి తెచ్చి ఉంటే ఖండిక మరొక విధంగా మలుపు తిరిగేది. ఇటీవలి పక్షిపరిశీలనలు చెప్పేది మరీ విచిత్రం. ఆడపక్షి గూటిని ఎంచుకొనేటప్పుడు అల్లిక నేర్పు కంటే ఆ గూడు ఎక్కడ వేలాడుతున్నదన్నదానికే ఎక్కువ విలువ ఇస్తుంది. ఎత్తైన కొమ్మ, సన్నని రెమ్మ ఉంటే చాలు. అల్లిక ఎంత చక్కగా ఉన్నా చోటు మంచిది కాకపోతే గూడు ఖాళీగా మిగులుతుంది. పక్షికి అది పిల్లల ప్రాణరక్షణకు సంబంధించిన వివేకం, పాముకూ కాకికీ అందని చోటు కావాలి. మనుషుల సభలో అదే పద్ధతి అన్యాయం. జాషువ పద్యం ఈ చోటు ప్రసక్తిని పూర్తిగా తుడిచివేసి, అల్లికను మాత్రమే చూసి తీర్పు చెప్పింది. గడ్డి ఎవరు తెచ్చారు, ఏ చెట్టుది అన్న ప్రశ్న లేదు. ఇల్లు ఎలా ఉన్నదన్న ప్రశ్న ఒక్కటే ఉన్నది. తనకు ఊరు ఇవ్వని తీర్పును కవి పక్షికి ఇచ్చాడని ఈ ఖండికను చదవాలి. పరిశీలనగా చూస్తే అది అసంపూర్ణం. న్యాయంగా చూస్తే ఆ అసంపూర్ణతే దాని అర్థం. ఈ కారణంగానే ఖండికను కేవలం ‘శ్రమైక జీవన సౌందర్యం’ అన్న శీర్షిక కింద సర్దడం దానిని చిన్నబుచ్చడమే అవుతుంది.

అయితే ఒక నష్టం మాత్రం మిగిలింది. గిజిగాడు అన్న పేరులోనే ‘గాడు’ ఉన్నది. తెలుగు ఆ పక్షిని మగవానిగానే పిలిచింది, కవి ఆ పిలుపును అలాగే తీసుకొన్నాడు. ఇంటిని ఒప్పుకొన్న దానికి, గుడ్లు పొదిగిన దానికి, పిల్లలను మేపిన దానికి ఈ పద్యంలో ఉన్నది అంతఃపుర స్థానమే. శిల్పి ఘనతకు ఇచ్చినంత చోటు తల్లి పనికి ఇవ్వకపోవడం జాషువ ఒక్కరి పరిమితి కాదు, గూటిని శిల్పంగా చూసే చూపు అంతటికీ ఉన్న పరిమితి. గూడు కంటికి కనబడుతుంది, పెంపకం లోపల జరుగుతుంది. కింద నిలబడి చూసేవారికి తల్లి రాకపోకలు మాత్రమే తెలుస్తాయి.

1941లో వెలువడిన ‘గబ్బిలం’ ఈ లోటును అనుకోని వైపు నుంచి పూరించింది. అస్పృశ్యుడైన నాయకుడు తన గోడును శివునికి విన్నవించడానికి గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. కాళిదాసు యక్షునికి మేఘం దొరికితే, ఇతనికి ఇంటిలోకి వచ్చి తిరిగే గబ్బిలం దొరికింది. మేఘసందేశాన్ని తలకిందులు చేయడం గురించి విమర్శ చాలానే చెప్పింది. ఆ దూత ఇంటి సంగతి మాత్రం తక్కువగా చర్చకు వచ్చింది. గబ్బిలం గూడు కట్టదు. గడ్డిపోచ తేదు. మనుషులు కట్టిన గుడి చూరులో, పాడుబడ్డ మంటపంలో తలకిందులుగా వేలాడుతుంది. గిజిగాడు మనిషి ఇంటితో పని లేని పక్షి అయితే, గబ్బిలం మనిషి ఇంటిని మనిషి అనుమతి లేకుండా ఇల్లు చేసుకొన్న జీవి. అది ఇంటిలో దూరితే అశుభమని లోకం అంటుంది. కానీ గర్భగుడిలో దూరితే దానిని ఆపే పూజారి లేడు. నాయకుడు దానిని స్త్రీగా, పక్షులలో రాణిగా సంబోధిస్తాడు. గుడిలో నీవు వేలాడే వేళ శివుని చెవి నీకు చేరువగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా కథ చెప్పు అంటాడు. గిజిగాని ఖండికలో తుడిచివేసిన చోటు ఇక్కడ కావ్యమంతా ఆక్రమించింది. ఎవరు ఎక్కడ వేలాడుతున్నారన్నదే ఇప్పుడు ప్రశ్న. నేర్పు ఎంత ఉన్నా చోటు లేనివాడు, నేర్పేమీ లేకుండానే చోటు సంపాదించిన జీవిని బతిమాలుకొంటున్నాడు.

వినుకొండ పేరు గురించి స్థానికంగా ఒక కథ ఉన్నది. సీతాపహరణ వార్తను రాముడు ఈ కొండ మీద విన్నాడని, అందువలన ఇది విన్న కొండ అయిందని అంటారు. రామాయణంలో ఆ వార్తను రామునికి చెప్పి ప్రాణం విడిచినది జటాయువు అన్న పక్షి. రెక్కలు తెగిన పక్షి మాటను దేవుడు విన్న చోటుగా చెప్పుకొనే ఊరినుంచి, పక్షి చేత దేవుని చెవిలో మాట వేయించిన కవి వచ్చాడు. జాషువ ఈ స్థలకథను మనసులో పెట్టుకొనే రాశాడని చెప్పనక్కరలేదు. ఆ కథలో రాముడు నేలమీద పడిన పక్షి దగ్గరికి నడిచి వచ్చాడు. ‘గబ్బిలం’లో దేవుడు కదలడు, దూతే వెళ్ళాలి, అదీ పూజారి కంట పడకుండా.

గబ్బిలం పాలిచ్చి పెంచే జీవి. గూడు లేని ఆ తల్లి బిడ్డను పొట్టకు కరిపించుకొని ఎగురుతుంది, వేలాడేటప్పుడు కూడా బిడ్డ అలాగే అంటిపెట్టుకొని ఉంటుంది. గిజిగాని గూటిలో ఎక్కడో లోపలి అరలో ఉండిపోయిన తల్లీ పిల్లలు, గోడలు లేని ఈ కాపురంలో బయటికి వస్తారు. నాయకుడు ఆ జీవిని పంపుతున్న ప్రయాణం దక్షిణాది నుంచి కైలాసం దాకా. దారిలో అది దిగవలసిన చోట్లన్నీ ఎవరివో ఇళ్ళు, ఎవరివో గుడులు.